ఏడో ఎపిసోడ్

ఆదివారం రాత్రి తొమ్మిదికి
మొనొంగహేలా ఒడ్డున, డెల్మార్ బార్లో
పూల్ బల్ల మీద గుడ్డ కప్పేశాం.
లోకం అంతమై పదకొండేళ్లయిన కథ.
అందులో ఊరు మాదే.

వేసవిలో లారీలేసుకుని వచ్చారు వాళ్లు,
బూడిద బస్తాలు, తుప్పు రంగు, పగలగొట్టిన అద్దాలతో.
మా మూడో వీధి చూశాక
సగం సామాను దింపనే లేదు.

"అదిగో ఐరీనా!"
తన చెప్పుల కొట్టు ముందే బోర్లా పడి ఉంది.
శవానికి తొంభై డాలర్లు, మధ్యాహ్నం ఒక శాండ్‌విచ్.
ఊపిరి తీస్తున్నావని ఒకటే గోల.
"చీమ కుట్టింది మరి" అంది,
ఆ మెట్టు మీది చీమలు ఇంకా తనవే అన్నట్టు.

డాక్టరమ్మను చంపేసినప్పుడు
కుర్రాళ్లు బల్లలు బాదారు.
ఇక ఈ సీరియల్ చూస్తే ఒట్టన్నారు,
కిందటి వారం వేసిన ఒట్టే.
ముసలి స్టానిస్లావ్‌కి ఆమె గొడవ పట్టలేదు.
"అరలో పీచ్ పళ్ల డబ్బాలు అలా వదిలేస్తారా ఎవరైనా?
మొదటి వారంలోనే అయిపోవూ!"
మొదటి వారం ఏదో
మాలో ఎవరూ అడగలేదు.

చివర్న కెమెరా కొలిమి మీదికి లేచింది.
బతికినవాళ్లు నిప్పు రాజేశారట.
మిల్లు గొట్టంలోంచి పొగ.
కంప్యూటర్లో గీసిన పొగే,
అయినా గ్లాసులు పట్టుకున్న చేతులు ఎక్కడివక్కడే.

"గాలి తప్పు," అన్నాడు డెల్మార్ గొంతు సవరించుకుని,
"పొగ చర్చి వైపు పోవాలి."
అని, రిమోట్ అందుకుని
వెనక్కి తిప్పాడు.