సూదుల డబ్బా

ఆదివారం పొద్దున
బాల్కనీలో పాత చున్నీ పరిచి రాగులు ఆరేశాను.
మొలకలు తెల్లగా, పిట్ట గోళ్లంత.
సైదాబాద్ పావురాలకి ఆ వార్త నాకంటే ముందే తెలిసిపోయింది.

అత్తమ్మ కుర్చీ వేసుకుని కాపలా, చేతిలో చీపురు.
"మా యాదగిరి ఒక్కనాడు డబ్బా ముట్టలే బిడ్డా.
బియ్యం, పెసరుపప్పు, ఇంత వాము.
దోరగ ఏంచుడు, ఇసుర్రాయి మీద ఇసురుడు,
పాత చీరె గుడ్డల జల్లెడ వట్టుడు.
గంతే."

ఆ గంతేలో నేను ఎక్కడ దూరాలో
సోమవారం నుంచి శుక్రవారం దాకా వెతుక్కుంటాను.
ఏడూ నలభైకి మలక్‌పేటలో మెట్రో.
అమీర్‌పేటలో దిగి, ఎక్కి, నిలబడి,
రాయదుర్గం చేరేసరికి
నా చేతులకి ఇంకా వేయించిన వాము వాసన.

ఆఫీసు కింద మెడికల్ షాపులో
ఒకరోజు డబ్బాని తిప్పి తిప్పి చదివాను.
ఇనుము ఇంత. చక్కెర ఇంత.
మూడు వందల గ్రాములు, మూడు వందల ముప్ఫై రూపాయలు.
మా రాగులు కిలో డెబ్బై.
కానీ ఆ సంచి మీద
నా నిద్ర ధర ఎవరూ ముద్రించలేదు.

కొన్నాను.
లంచ్ బాక్సు కింద పెట్టుకుని తెచ్చాను
దొంగ బంగారంలా.

ఆ రాత్రి తలుపు దగ్గరకేసి, రెండు చెంచాలు.
నా జావని నాలుకతో నెట్టేసి
నా నైటీ మీద దేశపటాలు గీసే ఊర్వి
చెంచాని వదల్లేదు. ఉన్న రెండు పళ్లతోనూ పట్టుకుంది.
గిన్నె అడుగు నేనే నాకి చూశాను.
బాగుంది.
అదే ఏడుపు.

బీరువాలో, చలికోట్ల వెనక
పన్నెండు రోజులు దాక్కుంది ఆ డబ్బా.

ఇక ఈ ఆదివారం,
పాప గౌనుకి బొత్తం ఊడితే
సూది కోసం అత్తమ్మ ట్రంకు తెరిచాను.
రీళ్లు, హుక్కులు, విరిగిన టేపు ముక్క,
అన్నీ ఒక రేకు డబ్బాలో.
తుప్పు తినగా మిగిలిన సగం ముఖంతో
ఒక బొద్దు పాప నవ్వుతోంది.
కింద చిన్న అక్షరాలు:
ఆరు నెలలు దాటిన పసిబిడ్డలకు.

డబ్బా పట్టుకుని బాల్కనీలోకి వచ్చాను.
అత్తమ్మ చూసింది.
పావురం ఒకటి వాలి, నాలుగు గింజలు తిని, పోయింది.
చీపురు లేవలేదు.

"కర్ఫ్యూల" అంది.
"వీడు ఏడో నెల. పాల పాకిట్లు బంద్.
బియ్యం డబ్బా అడుగంటింది.
నాకు పాలు ఇగురుకపోయినయ్, భయానికి.
రెండు గంటలు ఢీలిస్తే మీ మామ సంపాపేట దాకా ఉరికిండు.
షాపాయన షట్టరు మోకాలెత్తు లేపి
కిందికెళ్లి అందిచ్చిండట.
పదకొండు రోజులు గదే తాపిన,
చెంచ చెంచ లెక్కవెట్టుకుంట."

"మరి ఒక్కనాడు ముట్టలేదని..."

"మా అత్త ఊరికెళ్లి వచ్చి అడిగింది, ఏం వెడుతున్నవే అని.
ఉగ్గే అన్న.
ముప్పై ఏండ్లు చెప్తే నాకే నిజమనిపిచ్చింది."

ఉగ్గుపాలతో అబ్బేవి చాలా ఉంటాయంటారు.
ఇదీ అందులోదే కాబోలు.

లోపల ఊర్వి లేచింది, ఆకలి గొంతుతో.
అత్తమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి
నా ముఖం చూడకుండా చెయ్యి చాపింది.
"తే. కోట్లెనక దాసినవు గద."

వేలు అద్ది నాకింది. ముఖం చిట్లించింది.
"ఉత్త తీపి. పోయిన వారం ఇసిరిన పిండి సగం కలుపు."
కలిపాను.
ఊర్వి ఒక చెంచా ఉమ్మింది, ఒకటి మింగింది,
మూడోది అత్తమ్మ కొంగుకి పూసింది.

కొంగు తుడుచుకుంటూ
కొత్త డబ్బా మూత గట్టిగా నొక్కి చూసింది ఆవిడ.

"ఇది ఒడిసినంక పారెయ్యకు.
సూదులకు తుప్పు వడుతున్నది."