ఆ రేపు

చిట్టినగర్ కొండ, నూట నలభయ్యో మెట్టు దగ్గర
నాంచారమ్మ ఆగి, ఆయాసం తీరాక
మా నీలం డ్రమ్ము మూత ఎత్తింది.
మూడురోజులకోసారి వచ్చే కుళాయి నీళ్ళు.
తలకిందులుగా వేలాడుతూ
తోకతో ఊపిరి పీల్చుకునే పురుగులు.

చిటికెడు గుళికలు చల్లి
తలుపు మీద సుద్దముక్కతో తేదీ రాసింది.

నాలుగో రోజు దారిన పోతుంటే కేకేశాను:
"నీ మందు పనిచెయ్యలేదమ్మా, ఇంకా ఈదుతున్నాయి!"

"చావవండీ. ఈదనివ్వండి.
తింటాయి, ముడుచుకుంటాయి,
రేపు ఎగురుదామనుకుంటాయి.
ఆ రేపే రాదు."

వారం తిరిగాక వచ్చి
తేలిన గుల్లనొకదాన్ని టీ జాలీతో తీసి
అరచేతిలో పెట్టింది.
నలుసంత.
లోపల మడత విప్పని రెక్క.

పోయిన కార్తీకంలో
పెద్దాసుపత్రి వరండాలో తొమ్మిది రాత్రులు
మా బుజ్జిదాని ప్లేట్‌లెట్లు లెక్కపెట్టుకున్నదాన్ని.
నాకు జాలి రాకూడదు.
వచ్చింది, కొంచెం.

మాట మార్చడానికి
"ఉద్యోగం పర్మినెంటు అయిందా?" అన్నాను.

డ్రమ్ము మూత బిగించి
దాని మీద తడిచెయ్యి తుడుచుకుని
"పన్నెండేళ్ళండీ" అంది.

ఇంకా పైన ఇళ్ళున్నాయి.
సంచీ భుజం మార్చుకుంది.