పదకొండు నిమిషాలు

పొద్దున ఆరు నిమిషాలు ముందుకు తోసేవాణ్ణి,
మధ్యాహ్నం, అందరూ బంగాళాదుంపలు మింగే వేళ,
మళ్ళీ ఎక్కి ముల్లు వెనక్కి లాగేవాణ్ణి.
నూలుమిల్లు గోపురానికి తొంభై రెండు మెట్లు.
మోకాళ్ళకి ఇప్పటికీ లెక్క గుర్తే.

పొద్దున ఆరు, సాయంత్రం అయిదు.
పదకొండు నిమిషాలంటే ఏముందోయ్,
ఒక కప్పు టీ, అన్నాడు ఏజెంట్ థ్రూప్,
నా అరచేతిలో అర డాలరు పెడుతూ.

పని నికార్సుగా చేశాను. ఎవరికీ అనుమానం రాలేదు.
జేబు గడియారం కనబడితే గేటు దగ్గరే లాక్కునేవారు.
వెర్మాంట్ కొండల మీంచి దిగొచ్చిన పిల్లలకి
తెల్లారడమంటే ఆవు పొదుగు బరువు,
పొద్దుగూకడమంటే కొట్టం నీడ కంచె దాటడం.
ఇక్కడ కిటికీలకి మేకులు కొట్టేశారు,
దారం ఎండిపోకూడదని.

వాళ్ళు గంట కొట్టేవారు.
నేను గంటలోంచి కొట్టేసేవాణ్ణి.

కెజాయా వీలాక్ మా అటక గదిలో అద్దెకుండేది.
నాడె కంటిలోంచి దారాన్ని పెదాలతో పీల్చి పీల్చి
ముందు పన్ను అరిగిపోయింది.
రాత్రి చెంచా చేతిలో ఉండగానే నిద్రపోయేది.
ఒకసారి అడిగింది:
"ఈ ఊళ్ళో సాయంత్రాలు ఇంత పొట్టిగా ఉంటాయేం?"
నది పల్లంలో ఉంది కదా, కొండ నీడ తొందరగా పడుతుంది, అన్నాను.
అబద్ధానికి కూడా నూనె వేయడం వచ్చు నాకు.

ఆ రాత్రి సుద్దముక్కతో బల్ల మీద గుణించాను.
మూడు వందల పదిమంది. తలా పదకొండు.
రోజుకి యాభై ఆరు గంటలు, పైన యాభై నిమిషాలు.
సూర్యుడికే ఇరవై నాలుగు దాటి ఇవ్వడం చేతకాదు.
తుడిచేశాను. బల్ల మీద తెల్లటి మరక ఉండిపోయింది.
పడవల మీద దక్షిణం నుంచి వచ్చే ఆ పత్తిని ఏరినవాళ్ళని
లెక్కలో వేయలేదు.
వాళ్ళ దగ్గర దొంగిలించడానికి
సొంత నిమిషమంటూ ఒక్కటీ లేదు.

తర్వాతి ఏడు ఊరు చందాలు వేసుకుంది,
చర్చి శిఖరానికి సొంత గడియారం కావాలని.
చెప్పులు కుట్టే ఓబడయా ఒక డాలరిచ్చాడు,
మిల్లు పిల్లలు మేజోడులో చిల్లర పోగేసి తెచ్చారు.
ఊళ్ళో గడియారాల పనివాణ్ణి నేనొక్కణ్ణే.
మేజోడు తెచ్చి నా బల్ల మీద గుమ్మరించింది కెజాయానే.

ఏడు నెలలు పట్టింది.
పళ్ళచక్రాలు నా చేతులతో నేనే కోశాను.
అంత నిజమైన వస్తువు
అంతకు ముందు నా చేత ఎన్నడూ కాలేదు.

మొదటి సాయంత్రం.
చర్చి ఏడు కొట్టింది.
మిల్లు కొట్టలేదు.
బెల్టులు తిరుగుతూనే ఉన్నాయి, మగ్గాలు మోగుతూనే ఉన్నాయి.
రొట్టెల దుకాణం ముందు జనం మాటలాపి నిలబడ్డారు.
ఒకటి. రెండు.
ఎవరో దగ్గారు.
మూడు. నాలుగు.
అయిదో నిమిషం నిండాక గోపురంలో గంట మోగింది,
సిగ్గుపడ్డట్టు, గొంతు పట్టేసినట్టు.

అన్నాళ్ళూ నేను తీసిందాన్ని
ఊరంతా చెవులతో విన్నది ఆ రోజే.

శనివారం కెజాయా పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది.
నాతో ఏమీ అనలేదు.
ఆ గోపురం ఎక్కేవాడు ఇంకెవడున్నాడు?
వారం అద్దె పళ్ళెం కింద పెట్టింది.
రెండుసార్లు లెక్కపెట్టాను.

పదకొండు సెంట్లు తక్కువ.