నలభై ఎనిమిదో సీల

రాత్రి నాలుగు లారీల మీద వచ్చింది
మడిచిపెట్టిన భయం.
తెల్లారేసరికి గాల్వే పచ్చిక మీద
పదహారు చేతులతో లేచి నిలబడింది.

వాన. ఆగుతుందని ఎవరూ అనుకోని వాన.
జాకీల కింద చెక్కదిమ్మల్ని
బురద కొంచెం కొంచెంగా మింగుతోంది.
రసమట్టంలో బుడగ
నా వైపు చూడకుండా పక్కకి జరిగింది.

"ఇంకో దిమ్మ" అన్నాను.
ఫిన్‌బర్ గొణిగాడు: తాత కాలం నుంచీ
ఇది ఎవర్నీ కింద పడెయ్యలేదట.
తాతలు తాగిన నేతికి
నా ఫారంలో గడి లేదు.

కొత్తగా రంగేసిన చోటే గోటితో గీకుతాను.
పగుళ్ళకి రంగంటే ఇష్టం.

తర్వాత సీలలు.
వేలెడు లేవు, మనుషుల్ని మొయ్యాలి.
ఒక్కోదాన్నీ తాకి లెక్కపెట్టాను.
నలభై ఏడు.
మళ్ళీ. నలభై ఏడు.

సంచిలోంచి ఇంకేదో సైజుది తీసి
"ఇది చాల్లే" అన్నాడు.
చాలదు.

గేటు బయట పిల్లల పిడికిళ్ళలో
నాణేలు వేడెక్కుతున్నాయి.
పెట్టెలు వెతికాం. లారీల కింద వెతికాం.
గడ్డిని అరచేతుల్తో దువ్వాం.

అప్పుడు టికెట్ల కిటికీలోంచి వంగింది
ఫిన్‌బర్ చిన్నకూతురు నూలా,
గాలికి ఎగరకుండా జుట్టుని మెలిపెట్టి
దేంతోనో బిగించుకుని.

ఎవరూ నవ్వలేదు.
తీసిచ్చింది. జుట్టు ముఖమంతా పడింది.
సీల ఇంకా వెచ్చగా ఉంది.

సంతకం పెట్టాను.
తడికి మొదటి అక్షరం పడలేదు.

సాయంత్రం అందరూ పైకి చూస్తుంటే
నేను దిమ్మల్నే చూస్తున్నాను.
పైనుంచి రాలే కేకల్లో
ఏది సరదాదో ఏది కాదో
ఇన్నేళ్ళయినా
నా చెవికి తెలీదు.