మూడో షిఫ్టు

రాయగడ కాగితం మిల్లు సైరను
ఏ స్వరంలో కూస్తుందో
మొదట పట్టుకున్నవాడు డెస్మండు,
గార్డుగారి రెండోవాడు.
గిటారు తీగ దానికే శ్రుతి చేసేవాడు.

అప్పలసూరి మేనమామ ఓడలో వంటవాడు.
డర్బన్ రేవులో కొన్న రికార్డు ఒకటి తెచ్చాడు.
అట్ట లేదు, మధ్యన చీటీ చెమ్మకి చెరిగిపోయింది.
ఎవరు పాడారో నేటికీ తెలీదు.
గనిలోంచి పైకొచ్చినవాడి గొంతనుకున్నాం.
మా వెదురు లారీల వాళ్ళ దగ్గులాగే ఉండేది.

నేను వాయించలేదు. రేడియోలు బాగుచేసేవాణ్ణి.
పాత మర్ఫీ పొట్ట కోసి ఆంప్లిఫయరు కట్టాను.
వేడెక్కితే పాట నడుమ కటక్ వార్తలు చదివేది,
జనం దానికీ చప్పట్లు కొట్టేవారు.

శనివారం రాత్రి, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో,
త్రినాథ సాబతొ పుల్లలు తాటించి
ఏకొ, దుయి, తిని అనేవాడు.
నాలుగు మాత్రం అప్పలసూరి అనాలి.
అదేం పంతమో.

గార్డుగారికి ఖరగ్‌పూర్ బదిలీ అయింది.
త్రినాథ మిల్లుకి రెండు వేళ్ళు ఇచ్చేశాడు.
అప్పలసూరి ఉన్నాడు, బస్టాండు దగ్గరే.
అడిగితే గుర్తులేదంటాడు.
బ్యాండుకి చివరిదాకా పేరు కుదర్లేదు.
ఊరే పెట్టింది, మేం మొదలెట్టే వేళని బట్టి.

ఒక్క క్యాసెట్టు మిగిలింది.
దానిమీద మా చెల్లి పెళ్ళి సన్నాయి ఎక్కించేశారు.
పట్టేవాడు భోజనానికి లేచినట్టున్నాడు,
సన్నాయి తెగి, రీలు కొసన
గరగర,
ఏకొ, దుయి, తిని

అక్కడికి టేపు అయిపోతుంది.

కొట్టు షట్టరు సగం దించి
నాలుగు
నేనే అంటాను.