బాకీల పుస్తకం

మా పత్రికకు చందాదారులు నాలుగువందల పన్నెండుమంది.
డబ్బు కట్టినవాళ్ళు నూట ముప్పై.
మిగతావాళ్ళు ఆశీస్సులు పంపుతారు.

ఒకాయన రెండు డాలర్లకు బదులు
బస్తా ఆపిల్ పళ్ళు దింపించాడు, సగం మచ్చలవి.
డీకన్ ఫ్రిస్బీ బతికున్న బాతునే పంపాడు.
ఏ పద్దు కింద రాయాలో తోచక
దాన్ని మూడు రోజులు మేపాను.
నాలుగోనాడు "ఖర్చయింది" అని రాశాను.

ఒహాయో నదికి ఇవతలి ఒడ్డు మాది.
అవతల కెంటకీ.
మంచు విడిపోతే
అక్కడి పొలాల్లో వంగిన వీపులు కనిపిస్తాయి.
టోపీల వ్యాపారి స్టకీ
"మీరన్నది న్యాయమే తల్లీ" అంటూనే
ప్రకటన మానుకున్నాడు.
అతని టోపీలు నది దాటితేనే అమ్ముడుపోతాయి.

అగ్ని బీమా మనిషి ప్రెస్సు చుట్టూ తిరిగి
కిటికీ అద్దాలు ఈ ఏడు ఎన్నిసార్లు మార్చారని అడిగి
జవాబు వినకుండానే మెట్లు దిగాడు.
కాగితం మిల్లు ఇకమీదట రొక్కమే అంటోంది.
జనవరిలో సిరా గడ్డకడుతుంది,
పొయ్యి పక్కన పెడితే ఇల్లంతా అవిసెనూనె కంపు.
మా అన్న లెమ్యుయెల్‌కి ఇవేవీ పట్టవు.
"లోకం మారుతుంది, మెహిటబెల్" అంటాడు.
మారనీ.
శనివారం లోపు మారుతుందా?

అక్షరాలు కూర్చేది కఫీ ట్రెడ్‌వెల్.
తన్ను తాను కొనుక్కున్న మనిషి:
ఆరువందల యాభై డాలర్లు, పదకొండేళ్ళు.
లెక్కల్లో నాకంటే గట్టివాడు.

ఆ గురువారం అన్న సంపాదకీయం కూరుస్తూ
ఒక వాక్యం దగ్గర చెయ్యి ఆపాడు.
ఏమిటోనని వంగి చూశాను.
సీసపు అక్షరాలు తలకిందులుగా, కుడి ఎడమగా ఉంటాయి.
అలవాటైన కళ్ళు, ఇట్టే చదివాయి:
"కూలి ఇవ్వకుండా చేయించుకున్న పని దొంగసొత్తు."

కఫీ నావైపు చూడలేదు.
చుక్క పెట్టి
తర్వాతి వాక్యం అందుకున్నాడు.

అతని జీతం తొమ్మిది వారాలుగా బాకీ.

కాగితానికని రేకుడబ్బాలో దాచిన డబ్బు
ఆ రాత్రే తీసి అతని చేతిలో పోశాను.
దీపం దగ్గరికి జరిగి మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.
పాతిక సెంట్లు ఎక్కువొచ్చాయని
బల్లమీద పెట్టి వెళ్ళాడు.

ఆ వారం పత్రిక అర ఠావులో వచ్చింది.
అన్న ఆదివారం దాకా నాతో మాట్లాడలేదు.
సోమవారం ఒక ఉత్తరం:
పత్రిక చిక్కిపోయిందట,
ఇది చందాదారులకు ఘోర అన్యాయమట.
సంతకం చూసి పుస్తకం తిరగేశాను.
మూడేళ్ళ బాకీ.
ఆ ఉత్తరానికి తపాలా ఖర్చు కూడా
మేమే కట్టి విడిపించుకున్నాం.