జానెడు లోపు

ఆల్బరీ స్టేషన్‌లో ప్లాట్‌ఫాం ఎంత పొడుగంటే
ఈ చివర నిలబడి పిలిస్తే
ఆ చివరికి పేరులో సగమే చేరుతుంది.
ఎందుకంత పొడుగని లెస్లీ క్రాడాక్‌ని అడిగాను,
బీపీ మాత్రలకి మా ఆస్పత్రి కిటికీ దగ్గరికొచ్చినప్పుడు.
ఎనభై ఆరేళ్ల మనిషి.
రెండు అరచేతులూ ఎదురెదురుగా నిలబెట్టి
పట్టాల వెడల్పు చూపించాడు:
"ఇది సిడ్నీ వాళ్లది. ఇదేమో మెల్‌బోర్న్ వాళ్లది."
మధ్య తేడా జానెడైనా లేదు.

ఆ జానెడు లోపు తేడాకి
అర్ధరాత్రి రైలు రైలంతా లేచేదట.
నిద్రకళ్ల పిల్లలు, టోపీల పెట్టెలు, ఈడ్చుకొచ్చే దుప్పట్లు,
ఒకసారి బోనులో కోడిపుంజు,
ఈ బండి దిగి ఆ బండి ఎక్కడం.
లెస్లీ వాళ్ల నాన్న అక్కడ కూలీ.
"ఆ తేడాయే మాకు రొట్టె పెట్టింది" అని నవ్వాడు.

అరవై రెండులో ఒకే కొలత పట్టాలు పడ్డాయి.
ప్లాట్‌ఫాం మాత్రం అలాగే ఉండిపోయింది,
చిక్కిపోయిన మనిషి మీద పాత చొక్కాలా.

మేముండేది నదికవతల, వొడోంగాలో.
సందులో ఇళ్లు ఆరు, పట్టాలు మూడు.
డంబర్ రాయ్ వాళ్లు ఒక యాప్‌లో ఉంటారు,
వాళ్ల చుట్టాలంతా అందులో ఉన్నారు గనక.
మూలింటి ట్రూడీ టీచరు ఇంకోదాంట్లో కూడా ఉంటుంది.
సందు కబుర్లు, అంటే చెత్తబండి రోజు, తప్పిపోయిన పిల్లి,
అవన్నీ మూడోదాంట్లో.
నాలుగో ఇంటి లెస్లీని
ఫోను పాతదైపోయిందని ఓ మంగళవారం
ఆ మూడోది దింపేసింది.
టికెట్ అడిగినవాడు కూడా లేడు.

ఒక ఊరి కరణం ఇంకో ఊరికి వెట్టి అంటారు మనవాళ్లు.
ఫోన్లలో ఆ మర్యాదైనా లేదు,
పక్క ఊరనేదే లేదన్నట్టుంటాయి.

మా వెనక వాగు పొంగిన రాత్రి
మూడోదాంట్లో నలభై మెసేజీలు పడ్డాయి.
కార్లు మెరక మీద పెట్టండి,
ఇసుక సంచులు ట్రూడీ గరాజులో ఉన్నాయి,
బొటనవేళ్లు, దండం పెట్టే చేతులు.
నేను డ్యూటీలో ఉన్నాను, వంతెన అవతల.
లెస్లీ చెవిమిషను రాత్రిళ్లు గ్లాసు పక్కన పడుకుంటుంది.
దిండు కింద ఫోను వణికితేనే ఆయనకి మెలకువ.
ఆ ఫోను ఏ కంపెనీదో నాకు తెలీదు.
డంబర్‌ది అసలే తెలీదు.
ఇద్దరికీ ఉత్త ఎస్సెమ్మెస్ పెట్టాను,
ఓటీపీలకి తప్ప ఏళ్లుగా వాడనిది,
పెరటి తలుపులాంటిది.
"నీళ్లొస్తున్నాయి. లేవండి."

నా కంపెనీ వాళ్ల కంపెనీల్ని ఏమని అడిగిందో,
అవి ఏమని ఒప్పుకున్నాయో.
ఎప్పుడో ఎవరో ఒక గదిలో కూర్చుని
కొలత ఒకటే ఉండాలని పోట్లాడుకుని, రాసుకుని,
టీ తాగి ఇళ్లకెళ్లిపోయుంటారు.
వాళ్ల పేర్లు నాకెవరూ చెప్పలేదు.

డంబర్ వెళ్లి తలుపు కొట్టబోయేసరికి
లెస్లీ గుమ్మంలోనే ఉన్నాడట,
పైజామా మీద కోటు, చేతిలో టార్చి,
చంకలో మాత్రల డబ్బా.

మర్నాడు బురద కడుగుతూ అడిగాను,
కొత్త ఫోను కొందామా, మళ్లీ గ్రూపులో కలుపుతానని.
చీపురు ఆపలేదు.
"జనాన్ని ఒక బండిలోంచి ఇంకో బండిలోకి మోసి మోసి
మా నాన్నకి నడుం పోయింది.
నన్ను మోయొద్దు. పట్టాలు సరిచెయ్యమను."

ఎవరికి చెప్పమంటాడో అడగలేదు.
అప్పట్నించీ సందులో ఎవరికేం చెప్పాలన్నా
ముందు ఆ పెరటి తలుపే తీస్తున్నాను.
కిర్రుమంటుంది.
తెరుచుకుంటుంది.